మంచం పట్టిన పెద్దవారికి ఇంట్లో సంరక్షకురాలిని కుదుర్చుకోవడం, నిలుపుకోవడం ఎలా

గోదావరి జిల్లాల ఇళ్ళలో కేర్‌టేకర్ కోసం వెతుకులాట చాలాసార్లు డిశ్చార్జి చీటీ చేతికి వచ్చిన రోజునే మొదలవుతుంది. పక్షవాతం వచ్చిన తండ్రిని కాకినాడ నుంచో రాజమహేంద్రవరం నుంచో అంబులెన్సులో ఊరికి తెచ్చే దారిలోనే పిల్లలు తెలిసినవారందరికీ ఫోన్లు చేసి, ఎవరు దొరికితే వారిని, ఎంత అడిగితే అంతకు కుదుర్చుకుంటారు. అలా వచ్చిన మనిషి పదిహేను రోజులకే వెళ్ళిపోతే తప్పంతా ఆమె మీద వేస్తారు. మా అమ్మగారు కోనసీమలోని మా ఊళ్ళో నాలుగేళ్ళు మంచం మీద ఉన్నారు. మొదటి ఏడాదిలోనే ముగ్గురు సంరక్షకురాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. నాలుగో ఆమె చివరిదాకా ఉన్నారు. వెళ్ళిపోయిన ముగ్గురికీ పని బాగానే తెలుసు. ఆ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఇంట్లో ఎవరి మాట వినాలో మేము వారికి చెప్పలేదు. అందువల్ల ఇక్కడ మందులు, డైపర్ల గురించి చెప్పవలసినంత చెప్పి, ఇంటివారికీ వచ్చిన మనిషికీ మధ్య ఉండవలసిన ఒప్పందం గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను.

ముందు అవసరాన్ని కాగితం మీద పెట్టండి

డిశ్చార్జికి రెండు మూడు రోజుల ముందే వార్డులో కూర్చుని ఈ విషయాలు రాయండి: పెద్దవారు తమంతట తాము పక్కకు తిరగగలరా, లేచి కూర్చోగలరా, పట్టుకుంటే నడవగలరా, అన్నం చేత్తో తినగలరా, తినిపించాలా, ముక్కు గొట్టం ద్వారా ఇవ్వాలా, మూత్రానికి గొట్టం వేశారా, డైపర్ కట్టాలా, కమోడ్ కుర్చీ సరిపోతుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, మతిమరుపు ఉందా, ఉంటే ఇల్లు విడిచి వెళ్ళిపోయే స్వభావం కనిపిస్తోందా. బరువు కూడా తప్పక రాయండి. 75 కిలోల మనిషిని 45 కిలోల ఆడమనిషి ఒక్కతే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టలేదు, కూర్చోబెట్టమని అడగడం అన్యాయం.

ఎవరు కావాలో ఈ కాగితాన్ని బట్టే తేలుతుంది. ఆయా, కేర్‌టేకర్, నర్సు అన్న మూడు మాటలనూ మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం గాని, అవి మూడు వేర్వేరు పనులు. తోడుగా ఉండి, అన్నం పెట్టి, చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఓపిక, శుభ్రత ఉన్న ఆయా చాలు. మంచం మీద స్నానం, డైపర్ మార్చడం, పక్కలు తిప్పడం, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం ఉంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ వంటి శిక్షణ పొందినవారు గాని, ఆసుపత్రి వార్డులో పనిచేసిన అనుభవం ఉన్నవారు గాని కావాలి. ఇంజెక్షన్లు, ముక్కు గొట్టం లేదా మూత్రపు గొట్టం మార్చడం, లోతైన పుండ్లకు కట్టు కట్టడం రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సు చేయవలసిన పనులు. ఇరవైనాలుగు గంటలూ నర్సును పెట్టుకోలేని కుటుంబం సంరక్షకురాలిని ఇంట్లో ఉంచుకుని, నర్సును వారానికో పదిరోజులకో ఒకసారి రప్పించుకోవచ్చు. నా అనుభవంలో మధ్యతరగతి ఇళ్ళకు ఇదే కుదిరే పద్ధతి.

ఆసుపత్రిలో ఉండగానే, వీలైతే సంరక్షకురాలిని కూడా అక్కడికి పిలిపించి, అక్కడి నర్సు చేత అన్ని పనులూ చేసి చూపించుకోండి. ఆమె అనుమతితో ఫోనులో వీడియో తీసుకోండి. మేము ఆ పని చేయలేదు. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి మూత్రపు సంచి ఎక్కడ తగిలించాలో తెలియక మంచం మీదే పెట్టాము. సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటె కిందుగా, నేలకు తగలకుండా వేలాడాలని మూడో రోజున తెలిసింది.

పెద్దవారిని అడిగిన తరువాతే మనిషిని తీసుకురండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. జీవితమంతా తన దొడ్లో తానే నీళ్ళు తోడుకుని స్నానం చేసిన ఎనభై ఏళ్ళ ఆమెకు ఒక ఉదయాన ఎవరో తెలియని అమ్మాయి చీర విప్పి ఒళ్ళు తుడుస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె చెయ్యి విసిరికొడితే మొండితనం అంటాం. ఆ మొండితనంలో సగం, మనం ముందుగా అడగకపోవడం వల్ల వచ్చినదే.

మాట్లాడగలిగిన స్థితిలో ఉంటే ఏ పనులు పరాయివారు చేసినా ఫరవాలేదో, ఏవి తామే చేసుకుంటారో, ఏవి కూతురో కోడలో చేస్తేనే ఒప్పుకుంటారో వారినే అడగండి. ఆడవారికి ఆడమనిషిని, మగవారికి వీలైనంతవరకు మగమనిషిని కుదర్చండి. కుదిర్చే ముందు ఒకసారి ఇంటికి పిలిచి ఇద్దరినీ అరగంట మాట్లాడుకోనివ్వండి. పెద్దవారు వద్దంటే ఆ మాటను నిలబెట్టండి. మొదటి వారం స్నానం, డైపర్ల వంటి పనులు ఇంటివారు దగ్గరుండి చేయించి, ఆ తరువాత నెమ్మదిగా ఆమెకు అప్పగించండి. మా ఇంట్లో నిలిచిన ఆమె మొదటి మూడు రోజులూ మా అమ్మగారికి తల దువ్వడం, పూలు కట్టి పెట్టడం తప్ప మరేమీ చేయలేదు. నాలుగో రోజున అమ్మే స్నానానికి రమ్మని పిలిచారు.

మాట పడిపోయినవారి విషయంలో కళ్ళు మూసి తెరవడం, చెయ్యి నొక్కడం వంటి అవును–కాదు గుర్తులను ముందే స్థిరపరచి, సంరక్షకురాలికి నేర్పండి.

మనిషి ఎక్కడ దొరుకుతుంది, ఏమేమి అడగాలి

దారులు రెండు. ఒకటి, రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి పట్టణాలలోని హోమ్ కేర్ సంస్థల ద్వారా. రెండు, మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏ.ఎన్.ఎం.నో ఆసుపత్రి సిబ్బందినో అడిగి చుట్టుపక్కల ఊళ్ళ మనిషిని నేరుగా కుదుర్చుకోవడం. సంస్థ ద్వారా అయితే ఆమె రాలేని రోజున మరొకరు వస్తారు; నేరుగా అయితే మీరిచ్చే డబ్బంతా ఆమెకే చేరుతుంది, మన మాట, మన వంట తెలిసిన మనిషి దొరుకుతుంది. గొట్టాలు, పుండ్లు ఉన్న మొదటి రెండు మూడు నెలలు సంస్థ ద్వారా, ఆరోగ్యం ఒక దారిన పడ్డాక నేరుగా కుదుర్చుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే సంస్థ పంపిన మనిషినే వారికి చెప్పకుండా మీవైపు తిప్పుకోవద్దు. అది ఒప్పందానికి విరుద్ధం, ఇబ్బంది పడేది ఆమే.

కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి కువైట్, ఖతర్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్ళి తిరిగి వచ్చిన స్త్రీలు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు అక్కడ సంవత్సరాల తరబడి ముసలివారిని చూసుకున్నవారే. చక్రాల కుర్చీలోకి మార్చడం, డైపర్ కట్టడం, మందుల వేళలు పాటించడం వారికి చేతి పని. చేతిలో సర్టిఫికెట్ లేదని అటువంటివారిని తక్కువగా చూడకండి. అనుభవాన్ని అడిగి తెలుసుకుని, దానికి తగిన జీతం ఇవ్వండి.

సంస్థవారిని ఇవి అడగండి: మేము కట్టే సొమ్ములో ఆమెకు ఎంత చేరుతుంది, ఆమె సెలవు పెడితే ఎన్ని గంటల్లో మరొకరిని పంపుతారు, మధ్యలో మానేస్తే అడ్వాన్సు వెనక్కి ఇస్తారా, ఆమె పనిని చూడడానికి మీ నర్సు నెలకు ఎన్నిసార్లు వస్తుంది. జవాబులు కాగితం మీద ఇవ్వనివారి దగ్గర కుదుర్చుకోకండి. మనిషి విషయంలో ఆధార్ నకలు తీసుకుని, అంతకుముందు పనిచేసిన రెండు ఇళ్ళకు ఫోన్ చేసి, పోలీసు స్టేషనులో వివరాల పరిశీలన చేయించండి. ఇలా చేయిస్తున్నట్టు ఆమెకు ముందే చెప్పండి. చాటుగా చేస్తే అవమానంగా ఉంటుంది.

మాటల్లో పనితనం తెలియాలంటే సందర్భం చెప్పి అడగండి. "మామ్మగారు రాత్రి రెండు గంటలకు లేచి మా పుట్టింటికి పోతాను, తలుపు తియ్యమంటే ఏం చేస్తారండీ?" అని నేను అడిగేవాణ్ణి. బెదిరించి పడుకోబెడతానన్నవారు ఉన్నారు, మందు వేస్తానన్నవారు ఉన్నారు. "పుట్టిల్లు ఎక్కడండీ, ఏ ఊరు, మీ అమ్మగారి పేరేంటండీ అని అడుగుతూ కాసేపు ఇంట్లోనే నడిపిస్తాను, అలిసి కూర్చుంటారు" అన్నది నాలుగో ఆమె. ఆ జవాబు విన్నాక మరో ప్రశ్న అడగవలసిన పని లేకపోయింది.

ఒప్పందం రాసుకోండి

ఒక పేజీ చాలు, తెలుగులో రాయండి, ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. పని వేళలు, జీతం, జీతం ఇచ్చే తేదీ, వారపు సెలవు, పండుగ సెలవులు, చేయవలసిన పనులు, చేయనవసరం లేని పనులు అందులో ఉండాలి. జీతం బ్యాంకులో వేస్తే ఇద్దరికీ లెక్క ఉంటుంది. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2021లో ప్రారంభించిన ఈ-శ్రమ్ నమోదు ఇంటి పనివారికీ వర్తిస్తుంది. ఆమె వయసు 59 లోపు ఉండి, ఇంకా నమోదు కాకపోతే మీ సేవా కేంద్రం దగ్గర చేయించండి.

"ఇరవైనాలుగు గంటల మనిషి" అన్న మాట మనవారికి బాగా అలవాటైంది. ఇంట్లోనే ఉండే మనిషి అంటే ఇరవైనాలుగు గంటలూ మేల్కొని ఉండే మనిషి అని అర్థం కాదు. ఆమెకు రాత్రి నిద్ర, పగలు తనకంటూ రెండు గంటలు ఉండాలి. పెద్దవారు రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తుంటే పగటికి ఒకరు, రాత్రికి ఒకరు కావలసిందే; అంత ఖర్చు పెట్టలేకపోతే వారానికి మూడు రాత్రులైనా ఇంటివారు కాపలా ఉండాలి. నిద్ర లేని మనిషి చేతిలో మందుల డబ్బా పెట్టడం పెద్దవారికే ప్రమాదం.

సెలవుల సంగతి మన ప్రాంతంలో మరింత ముందుగా తేల్చుకోవాలి. సంక్రాంతికి భోగి నుంచి కనుమ దాటేదాకా ఎవరూ రారు, రమ్మనడం కూడా న్యాయం కాదు. ఆమెకూ ఒక ఇల్లు, పుట్టింటికి వచ్చే ఒక కూతురు ఉంటారు. ఆ నాలుగు రోజులూ ఊరికి వచ్చిన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు వంతులు వేసుకుని చూసుకోవాలని డిసెంబరులోనే నిర్ణయించుకోండి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలి రేట్లు పెరుగుతాయి కనుక, మీరిచ్చే నెలజీతం దానికి దీటుగా లేకపోతే ఆమె పొలానికి వెళ్ళిపోతుంది, అందులో తప్పు లేదు.

చేయనవసరం లేని పనులను పేరుపేరునా రాయండి. గేదెలకు మేత వేయడం, దొడ్డి ఊడ్వడం, కొబ్బరి దింపు రోజున కూలీలకు టీలు కాచడం, చుట్టాలు వస్తే పదిమందికి వండడం ఆమె పనులు కావు. పెద్దవారి బట్టలు, గిన్నెలు, వారి గది శుభ్రం ఆమె పనులు. మా ఇంటి నుంచి వెళ్ళిపోయిన రెండో ఆమె చివరి రోజున అన్న మాట నాకు ఇంకా గుర్తుంది: "మామ్మగారికి చెయ్యడానికి వచ్చానండీ, మీ దొడ్డికి కాదండీ."

పళ్ళెం, గ్లాసు, పడక

దీన్ని దాటవేసి రాయడం నాకు ఇష్టం లేదు. ఒళ్ళు తుడిచి, మలమూత్రాలు ఎత్తి, నోట్లో ముద్ద పెట్టే మనిషికి పెరటి గూట్లో వేరే గ్లాసు, వేరే పళ్ళెం ఉంచే ఇళ్ళు డెల్టాలో ఇంకా ఉన్నాయి. ఫోనులో మొదటి ప్రశ్నే "ఏవాళ్ళు?" అని అడిగేవారూ ఉన్నారు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. దాన్ని పాటించడం చట్టరీత్యా నేరం. కులం అడిగి మనిషిని కుదుర్చుకోవాలనుకునేవారు మంచి సంరక్షకురాళ్ళలో సగంమందిని గుమ్మంలోనే వెనక్కి పంపేస్తున్నారని కూడా గుర్తించాలి. పెద్దవారికి పాత పట్టింపులు ఉంటే వారితో మాట్లాడవలసింది పిల్లలు. ఆ భారాన్ని సంరక్షకురాలి మీద వేయకూడదు.

ఇంట్లో వండినదే ఆమెకూ పెట్టండి, వేళకు పెట్టండి. పడుకోవడానికి మంచం, దోమతెర, ఫ్యాను, సామాను పెట్టుకోవడానికి తాళం ఉన్న చిన్న బీరువా, లోపల గడియ ఉన్న స్నానాల గది ఇవ్వండి. ఇంట్లో మగవారి ప్రవర్తన విషయంలో ఆమెకు భయం లేకుండా చూడడం ఇంటి యజమాని బాధ్యత. పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ఇంటి పనివారికీ వర్తిస్తుంది, జిల్లాలో ఫిర్యాదులు తీసుకునే స్థానిక కమిటీ ఉంటుంది. ఈ సంగతి ఆమెకు మీరే చెప్పండి.

ఇల్లు సిద్ధం చేయడం

పాత పెంకుటిళ్ళలో ఎత్తైన గడపలు, వానాకాలంలో నాచు పట్టే వాకిళ్ళు, దొడ్లో మరుగుదొడ్డి పెద్దవారిని పడగొట్టేవి. మంచాన్ని గాలి, వెలుతురు వచ్చే ముందు గదిలో, మూడు వైపులా మనిషి నిలబడేలా వేయండి. పెద్దవారు కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తు ఉండాలి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కమ్మీలు, జారని చాప, రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టించండి. పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపు కరెంటు మీద నడుస్తుంది కనుక ఇన్వర్టరుకు కలపండి. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. రోహిణి కార్తెలో కరెంటు పోతే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ డబ్బాను తడి మట్టికుండలో పెట్టి నీడన ఉంచండి.

గోడకు తగిలించిన పుస్తకం

మంచం పక్కన దారంతో కట్టిన పొడుగు నోటుబుక్కు మా ఇంట్లో తగాదాలను సగానికి తగ్గించింది. అందులో తేదీ, వేళ, ఇచ్చిన మందు, తిన్నది, తాగిన నీళ్ళు, మూత్రం, విరేచనం, బి.పి., షుగరు, పక్క తిప్పిన వేళ సంరక్షకురాలు రాస్తారు. మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కనుక, ప్రతి మాత్ర ఖాళీ రేకును ఒక అట్టకు అంటించి, పక్కన తెలుగులో దేనికోసమో, పొద్దున్నా రాత్రా, అన్నానికి ముందా తరువాతా రాసి గోడకు తగిలించండి. వారానికి ఒకసారి మాత్రలను గళ్ళ డబ్బాలో సర్దడం ఇంటివారి పనిగా పెట్టుకోండి.

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. గాలి పరుపు ఉన్నా తిప్పాలి. స్నానమప్పుడు నడుము కింద, తుంటి, మడమలు, భుజపు ఎముకలు, చెవుల వెనుక చూడాలి; ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఎరుపు పోకపోతే పడక పుండు మొదలైనట్టే. ఆ చోట రుద్దకుండా, ఆ పక్క మీద ఒత్తిడి పడకుండా చూసి నర్సుకు చెప్పాలి. గొట్టం ద్వారా జావ ఇచ్చేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, ఇచ్చిన తరువాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. గొట్టం జారి బయటకు వస్తే ఇంట్లో తిరిగి తోయకూడదు. పక్షవాతం తరువాత మింగడం కష్టమైనవారికి చిక్కటి జావ కంటె పలచని నీళ్ళే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగినప్పుడల్లా దగ్గు వస్తే, గొంతు గరగరలాడితే డాక్టరుకు చెప్పండి.

ఆహారం దగ్గర సంరక్షకురాలు తరచు ఇరకాటంలో పడుతుంది. బి.పి. ఉన్న తాతగారు ఆవకాయ ముక్క, ఎండుచేప అడుగుతారు. పెడితే కొడుకు తిడతాడు, పెట్టకపోతే తాతగారు తిడతారు. డాక్టరును అడిగి వారానికి ఎంత ఫరవాలేదో తేల్చి, ఇద్దరి ముందూ చెప్పి, పుస్తకంలో రాయండి. అప్పుడు ఆ మాట ఆమెది కాకుండా డాక్టరుది అవుతుంది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

ఏ లక్షణానికి ఏం చేయాలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ముఖం ఒక వైపు జారినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే వేళ చూసి రాసి, 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, దానికి ముందు సి.టి. స్కాన్ తీయాలి, కాబట్టి మీ ఊరికి దగ్గరలో రాత్రిపూట కూడా స్కాన్ తీసే ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కుని ఉంచండి. షుగరు 70 కంటె తగ్గి, చెమటలు, వణుకు ఉండి, మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకూడదు, 108కి చేయాలి.

నీరసంగా ఉన్నారని ఊళ్ళోని ఆర్.ఎం.పి. చేత సెలైన్ ఎక్కించే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆ ఒక్క సీసాయే ఆయాసం తెప్పించగలదు. వైద్యం చేసే డాక్టరుకు చెప్పకుండా సెలైన్, ఇంజెక్షన్ వద్దని సంరక్షకురాలికి గట్టిగా చెప్పి, ఫోన్ చేయవలసిన నెంబర్లు వరుసగా రాసి ఇవ్వండి. మీరు ఎక్కడో ఉండి ఎత్తకపోతే ఎవరికి చేయాలో, నిర్ణయం ఎవరు తీసుకోవచ్చో అందులో ఉండాలి.

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలవారు మరొక మెట్టు ఎక్కాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. 2022 జులై వరదలో మట్టం 21 అడుగులు దాటింది. కాజ్‌వేలు మునిగాక మంచం పట్టిన మనిషిని పడవలో దాటించడం ఎంత కష్టమో చూసినవారికి తెలుసు. మొదటి హెచ్చరిక వినగానే పెద్దవారిని, సంరక్షకురాలిని కలిపి గట్టుకు ఇవతలి చుట్టాల ఇంటికి తరలించండి. ఆషాఢం మొదలయ్యేసరికే ఒక సంచిలో పదిహేను రోజుల మందులు, డైపర్లు, రిపోర్టుల ఫైలు, టార్చి, సెల్‌ఫోన్ చార్జర్ సర్దించి ఉంచండి. ఆ రోజుల్లో సంరక్షకురాలి ఇల్లు కూడా లంకలోనే ఉంటే ముందు ఆమెను ఇంటికి పంపాలి. తన పిల్లలు నీళ్ళలో ఉన్నారన్న భయంతో ఎవరూ పరాయి మనిషిని చూసుకోలేరు.

ఇంట్లో మాట ఒకరిదే

హైదరాబాదు కొడుకు ఒకటి, డాలస్ కూతురు ఒకటి, ఊళ్ళోని మేనల్లుడు ఒకటి చెబితే సంరక్షకురాలు ఎవరి మాట వినాలి? తోబుట్టువులంతా కూర్చుని ఒకరిని మాత్రమే మాట్లాడే మనిషిగా నిర్ణయించండి. మిగిలినవారు ఏం చెప్పదలచుకున్నా ఆ ఒకరికే చెప్పాలి. అమెరికాలో ఉన్నవారు ఫోన్ చేసే వేళ స్థిరంగా పెట్టుకోవాలి. మా అక్క రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ చేసి "దుప్పటి ఎందుకు అలా ఉంది" అని అడిగేది. మూడో ఆమె వెళ్ళిపోవడానికి అదే కారణం. అక్క ప్రేమ నిజమే, ఆ ప్రేమ అవతలి మనిషికి నిఘాలా తగిలింది. తరువాత అక్క రాత్రి ఏడున్నరకు ఒక్కసారే చేసి, ముందు అమ్మతో, ఆ తరువాత "మీరు తిన్నారా అండీ" అని ఆమెతో మాట్లాడడం అలవాటు చేసుకుంది.

కెమెరా పెట్టాలనుకుంటే హాల్లో, ఆమెకు చెప్పి పెట్టండి. స్నానం చేయించే చోట, బట్టలు మార్చే చోట, ఆమె పడుకునే చోట ఎప్పుడూ వద్దు. మీ తల్లిదండ్రుల గౌరవం కోసం కూడా వద్దు.

మతిమరుపు జబ్బు ఉన్నవారు "నా గాజులు తీసేసింది" అనడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. ఆమె పనిలో చేరే రోజునే నగలు, పెద్ద నోట్లు లాకరుకు చేర్చి, ఒంటి మీద ఉన్నవి ఇవి అని ఆమె ముందే రాసి పెట్టండి. పింఛను ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇస్తారు. ఆ డబ్బు పెద్దవారి చేతికే వెళ్ళాలి, ఏ.టి.ఎం. కార్డు, దాని పిన్ నెంబరు సంరక్షకురాలికి ఇవ్వకండి. పూర్తిగా మంచానికి పరిమితమైన, అర్హత ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ ఎన్.టి.ఆర్. భరోసా పింఛను పథకం కింద 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. మీ పెద్దవారు ఆ కోవకు వస్తే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి, సంరక్షకురాలి జీతంలో పెద్ద భాగం దానితో గడుస్తుంది.

అనుమానించవలసిన గుర్తులూ ఉన్నాయి: కారణం తెలియని గాయాల మచ్చలు, ఆమె గదిలోకి రాగానే పెద్దవారు ముడుచుకుపోవడం, పగలంతా మత్తుగా పడుకోవడం, బరువు తగ్గడం. ఇవి కనిపిస్తే పెద్దవారితో ఒంటరిగా మాట్లాడండి, డాక్టరుకు చూపించండి, చెప్పకుండా వేర్వేరు వేళల్లో ఇంటికి వెళ్ళండి. నిజమని తేలితే ఆ రోజే ఆమెను పంపించి పోలీసులకు చెప్పండి. వృద్ధుల సహాయానికి 14567 నెంబరు దేశమంతటా పనిచేస్తుంది. అదే నెంబరుకు పెద్దవారే తమ పిల్లల నిర్లక్ష్యం గురించి కూడా చెప్పుకోవచ్చు; తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం చేసిన 2007 చట్టం కింద ఆర్.డి.ఓ. స్థాయి ట్రిబ్యునల్ పోషణ ఖర్చు ఇప్పించగలదు.

తప్పులు దొర్లినప్పుడు పెద్దవారి ముందు, చుట్టాల ముందు మందలించకండి. పుస్తకం తెరిచి, ఆ రోజు రాసినది చూపి, పక్కకు పిలిచి మాట్లాడండి. నెలకొకసారి అరగంట కూర్చుని ఆమెకు ఏం కష్టంగా ఉందో అడగండి. మా ఇంట్లో ఆ అరగంటలోనే నడుము నొప్పి బయటపడింది, ఎత్తడానికి రెండో మనిషిని పూటకోసారి పిలిపించుకున్నాము.

ఆమె వెళ్ళేటప్పుడు

వేరే కారణంతో మానేస్తుంటే కొత్త మనిషి వచ్చాక కనీసం మూడు రోజులు ఇద్దరూ కలిసి పనిచేసేలా చూడండి, ఆ మూడు రోజుల జీతం ఇద్దరికీ ఇవ్వండి. పెద్దవారు కాలం చేస్తే ఆ రోజే ఆమె పని ముగిసిందని లెక్క కట్టకండి. చేతిలో పని లేకుండా పోయే ఆమెకు ఒక నెల జీతం ఇవ్వడం న్యాయం. మా అమ్మగారి చివరి స్నానం ఆమె చేతనే చేయించాము. పెద్దకర్మ రోజున బంధువులతో సమానంగా పిలిచి, బట్టలు పెట్టి, భోజనానికి వరుసలో కూర్చోబెట్టాము. వెళ్ళేటప్పుడు ఆమె చేతికి ఒక ఉత్తరం ఇచ్చాము: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో, ఏ జబ్బు ఉన్న మనిషిని చూసుకున్నారో, గొట్టం ఆహారం, పడక పుండ్లు, ఇన్సులిన్ వేళలు ఏవేవి తెలుసో, అడగదలచినవారు ఫోన్ చేయవలసిన నెంబరేమిటో. అటువంటి ఉత్తరం మీరూ రాసి ఇవ్వండి, ఆమె వెళ్ళే తరువాతి ఇంటివారు ఫోన్ చేసినప్పుడు ఎత్తండి.